అమ్మమ్మ పోలిక బంతిపూలు

“ఎండిన పువ్వు నలిపితే గుప్పెడు విత్తనాలు ఊరికే వస్తుంటే, మళ్ళీ నీ దగ్గర నారు కొనడానికి నాకేమైనా పిచ్చా అమ్మా?”

ఫిల్మ్ నగర్ గుట్ట వాలులో కౌసల్య నర్సరీ ముందు స్కూటరైనా దిగకుండా బసవపున్నయ్య అడిగిన మాట ఇది. ఆయన సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. తొంభై రెండు జనవరిలో, జూబిలీ హిల్స్‌లో ఓ అద్దె బంగళా తోటలో సగం పాట తీశారు. తోట నిండా కౌసల్య ఇచ్చిన బంతి మొక్కలే. అన్నీ మోకాలెత్తు, అన్నీ ఒకటే నారింజ రంగు, అన్నీ ముద్దబంతులు. ఆ తర్వాత హీరోయిన్ వేరే సినిమాకు వెళ్ళిపోయి, సెప్టెంబరులో ఒక్క రోజు కాల్షీట్ ఇచ్చింది. మిగతా సగం పాటకూ తోట అచ్చం అలాగే ఉండాలి.

“గా పూల ఇత్తనం ఏస్తే గవే పూలు రావు మేనేజర్ సాబ్,” అంది కౌసల్య.

“బంతి గింజ వేస్తే మరేం వస్తుందమ్మా, వంకాయా?”

“ఏస్కోండ్రి, నాకేం ఫికర్. మల్ల నా పేరు మాత్రం తియ్యకుండ్రి.”

కౌసల్య షేక్‌పేటలో కూరగాయలు పండించే ఇంటి పిల్ల. బోటనీలో డిగ్రీ చేసి, బ్యాంకు పరీక్ష రెండుసార్లు తప్పి, నర్సరీ పెట్టింది. పూలను కన్నబిడ్డల్లా చూసుకునేదని రాయమని నాకు కొందరు సలహా ఇచ్చారు. వంద మొక్కలు పెంచి, నచ్చని తొంభై పీకి పారేసే మనిషి గురించి అలా రాయడం బిడ్డలకు మంచిది కాదు.

ఆవిడ అమ్మే బంతికి తల్లి మొక్క బోడిది. రేకులుండవు, పుప్పొడి ఉండదు. ఆకుపచ్చ బొడిపె మీద నాలుగు దారప్పోగులు, అంతే. చూసినవాళ్ళు మేక కొరికిందనుకుంటారు. తనకు పుప్పొడి లేదు గనక కౌసల్య ఎంచిన తండ్రి పుప్పొడే దానికి గతి. నిండు ముద్దబంతి నుంచి కుంచెతో తెచ్చి అద్దేది. పుట్టిన కూతుళ్ళంతా ఒకే అచ్చు. తల్లి బోడితనం వాళ్ళలో పైకి కనబడదు, అలాగని పోదు. ఆ కూతుళ్ళ విత్తనం వేశారో, దాక్కున్న గుణాలన్నీ తలోవైపు బయటికొస్తాయి. మనవరాళ్ళలో నలుగురికొకతె అమ్మమ్మ పోలికతో బోడిగా పుడుతుంది.

ఇదంతా బసవపున్నయ్యకు ఆ రోజే విడమరిచి చెప్పి ఉంటే గొడవే లేదు. చెప్పదు. పక్క నర్సరీవాళ్ళ కంట పడకుండా బోడి తల్లులను పాయఖానా వెనక పెంచుకునే మనిషి, కారణం చెప్పకుండా హెచ్చరిస్తే ఎవరు నమ్ముతారు?

బసవపున్నయ్య ఆ విత్తనమే వేయించాడు. షూటింగ్ నాడు దర్శకుడు తోట చూశాడు. కొన్ని నడుమెత్తు, కొన్ని జానెడు. పసుపు, ఇటుకరంగు, రేకబంతులు. మధ్యమధ్య నున్నటి బోడి తలలు.

“రేకులు పీకిందెవడ్రా?” అని లైట్ బాయ్‌లను తిట్టడం మొదలుపెట్టాడు.

తాత ధైర్యం ఒక్క చుక్క తగ్గకుండా మనవడి రక్తంలోకి దిగిందన్నది ఆ సినిమా కథ. నిర్మాతగారబ్బాయే హీరో. ఇలాంటి కథలకు మన జనం చప్పట్లు కొడతారు గానీ బంతి మొక్కలు కొట్టవు.

“కౌసల్య విత్తనమండీ. నకిలీది అంటగట్టింది,” అన్నాడు బసవపున్నయ్య.

ఈ మాట మధ్యాహ్నానికి కృష్ణానగర్ చేరుతుంది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాళ్ళంతా ఉండేది అక్కడే. వాళ్ళ ఆర్డర్లతోనే నర్సరీ నడుస్తోంది. దర్శకుడు కారు పంపించాడు. కౌసల్యకు కారులోనే డ్రైవర్ హనుమంతు విన్నదంతా చెప్పేశాడు.

“రెండు గంటల్లో తోట మార్చగలవా అమ్మా?” అన్నాడు దర్శకుడు.

“మారుస్త సార్. దసరా అమ్మకానికి పెంచిన కుండీలున్నయి, అసలు రకమే. గని ముంగట మేనేజర్ సాబ్ ఒక్క మాట చెప్పాలె.”

బసవపున్నయ్య ఆమెను పక్కకు తీసుకెళ్ళాడు. “రేటు డబుల్ చేస్తానమ్మా. ఇంతమందిలో పరువు తియ్యకు.”

“డబుల్ ఒద్దు. గా మైకు పట్టుకోండ్రి.”

పాట వినిపించే పెట్టె దగ్గర మైకు ఉంది. ఆయన పట్టుకున్నాడు. “ఈ తోటలో విత్తనం నేను వేయించిందే. కౌసల్యమ్మది కాదు.”

“జర గట్టిగ. వంటోళ్ళకు ఇనవడలే.”

ఆయన మళ్ళీ చెప్పాడు. హీరోయిన్ పగలబడి నవ్వితే కళ్ళకు కాటుక మళ్ళీ దిద్దాల్సొచ్చింది.

నాలుగు వందల కుండీలు లారీలో వచ్చాయి. ఖాళీ అయిన లారీలోకి బోడి మొక్కలను వేళ్ళతో సహా ఏరించింది కౌసల్య. “అవెందుకమ్మా?” అన్నాడు హనుమంతు. “పెంటకుప్పకు,” అంది. అవి తిన్నగా పాయఖానా వెనక్కి వెళ్ళాయి. పొట్టి రకం పుట్టించడానికి జానెడు ఎత్తు బోడి తల్లి కోసం ఆవిడ మూడేళ్ళుగా వెతుకుతోంది.

సాయంత్రానికి పాట పూర్తయింది. ఆ దసరాకు కృష్ణానగర్ ఆర్డర్లన్నీ ఆవిడకే వచ్చాయి. మైకు మోజులో సినిమా కంపెనీని అడ్వాన్సు అడగడం మాత్రం మరిచిపోయింది. సినిమా రెండు వారాలాడింది. కుండీ ఎనిమిది రూపాయల లెక్కన కంపెనీ కౌసల్యకు ఇంకా మూడు వేల రెండు వందలు బాకీ.