మగాడి కన్నోరిల్లు

పాలసీలమ్మే అబ్బాయి మా ఇంటికి వచ్చిన మధ్యాహ్నం నేను వంటింట్లో చేపలు శుభ్రం చేస్తున్నాను. మనిషి మంచాన పడి తన పనులు తాను చేసుకోలేకపోతే, చూసుకోడానికి ఆయాని పెట్టుకోమని నెలనెలా డబ్బిస్తారట. అదంతా చెప్పి, "ఇంట్లో చూసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా సార్?" అని అడిగాడు.

"మా ఇంటిది ఉన్నాది కదా బాబూ. నాకెందుకు ఆయా?" అన్నాడు మా ఆయన.

"మరి అమ్మగారికో?"

"దానికేటి, కన్నోరిల్లుంది."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. మా అమ్మ పోయి ఏడాది కూడా తిరగలేదు. ఆ ఇంటికి తాళం వేసి మా తమ్ముడు పనికోసం విశాఖపట్నం వెళ్లిపోయాడు. అమ్మ పెద్దదినం నాడు గారెలు అడిగి మరీ వేయించుకున్న మనిషి, ఆవిడ లేదన్న సంగతి ఎలా మర్చిపోయాడో.

మా వైపు ఇదో రివాజు. ఆడదానికి జబ్బు చేస్తే కన్నోరింటికి పంపేస్తారు, మగాడికి చేస్తే పెళ్లాం చెయ్యాలి. నాకు గర్భసంచి ఆపరేషనైనప్పుడు ఆస్పత్రి నుంచి తిన్నగా అమ్మ దగ్గర దింపేసాడు. నీళ్లు పోసింది అమ్మే, తల దువ్వింది అమ్మే. ఈయన ఒక్కసారి వచ్చాడు, బీరువా తాళాలెక్కడున్నాయో కనుక్కోడానికి. అదే ఆయనకి టైఫాయిడ్ వస్తే మంచం పక్కన నేల మీద పడుకున్నదాన్ని నేను.

జాకెట్లు కుట్టుకున్న డబ్బు నాకూ ఉంది. మర్నాడు ఆ అబ్బాయికి ఫోన్ చేసి నా ఒక్కదానికి పాలసీ అడిగాను. మంచాన పడకపోతే కట్టింది తిరిగి రాదమ్మా అని ఉన్నమాట చెప్పాడు. దాంతో వెనకాడాను. మిషన్ తొక్కుతున్నంతసేపూ అదే ఆలోచన, కట్టడమా, మానడమా. అవసరం పడితే ఈయనే చూస్తాడులే అని కూడా అనుకున్నాను, నా బుద్ధి తగలెయ్య.

ఆ వానాకాలంలో మా ఊరి కోట దగ్గర స్కూటర్ జారి ఆయన కాలు విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టించాను, లుంగీలు సంచిలో సర్దాను, కారు మాట్లాడాను. కారు ఇంటివైపు తిరగకపోయేసరికి ఎక్కడికే అన్నాడు.

"కన్నోరింటికి."

రాజాంలో వాళ్ల నాన్న కట్టిన ఇంట్లో వాళ్ల అన్నావదినలుంటారు.

"మగోడికి కన్నోరిల్లేటే, నీకేటైనా పిచ్చా?"

"ఏం, నిన్నెవలూ కన్లేదేటి?"

తోడికోడలు గుమ్మంలో నిలబడి తెల్లబోయి చూసింది. "ఒంట్లో బాగోలేనోళ్లని కన్నోరింటికే పంపుతారు కదా అక్కా," అని సంచి అరుగు మీద పెట్టి, అదే కారులో తిరిగొచ్చేసాను. దారంతా నవ్వుకున్నాను. జాలి వేయలేదు. ఇప్పటికీ వేయదు.

వెళ్లి చూడలేదు. ఒకే ఒక్కసారి ఫోన్ చేసాను, బీరువా తాళాలెక్కడ పెట్టావని. అవతల గొల్లుమన్నాడు. నీళ్లు పోసే దిక్కు లేదట, లుంగీ మార్చమంటే వదిన మొహం తిప్పుకుంటుందట. చివరికి కోపమొచ్చి, "రేపు నీకిలాగైతే నానేటి సూస్తాననుకుంటన్నావా?" అన్నాడు.

ఆ మాటకోసమే ఇన్నాళ్లూ ఆగినట్టున్నాను. మర్నాడే వెళ్లి పాలసీ కట్టేసాను. సంతకం పెడుతుంటే మాత్రం అమ్మ గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏ ఆయా వచ్చినా అమ్మలా తల దువ్వదు కదా.

కట్టు విప్పాక ఆయన ఇంటికొచ్చాడు. తనే ఆ అబ్బాయిని పిలిపించాడు. నేను గుమ్మం దగ్గర కూర్చుని జాకెట్‌కి హుక్కులు కుడుతున్నాను. అబ్బాయి కాగితాలు తీసి మళ్లీ అదే అడిగాడు.

"ఇంట్లో చూసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా సార్?"

ఆయన నా వైపు చూసాడు. నేను దారం పళ్లతో తెంపాను.

"ఎవలూ లేరని రాసుకో బాబూ," అన్నాను.