ఇంటిలోపల కట్టిన నక్షత్రం

ఆత్మకూరు నుండి జూరాలకు పోయే బాటలో, కృష్ణకు రెండు మైళ్ల ఇవతల ఒక పల్లె ఉన్నది. ఆ పల్లెలో బక్కయ్య అరువది ఎనిమిదేండ్లుగా ఉంటున్నాడు. పిన్నవయసులో పుట్టిపడవలు అల్లేవారి వద్ద ఏటి ఒడ్డున కూలికి కుదిరి, వెదురు చీల్చడం నేర్చుకొన్నాడు. ఏరు దాటడానికి వెదురుతో గంపవలె గుండ్రంగా అల్లి, అడుగున తారు పూసిన పడవను ఆ సీమలో పుట్టి అంటారు. ఆనకట్ట మీదుగా బాట పడిన పిమ్మట పుట్టి ఎక్కేవారు తగ్గినారు. బక్కయ్య పొలం కూలికి పోయి, ఆ తరువాత బియ్యపు మిల్లులో కావలివాడుగా ఉండి కాలం గడుపుకొన్నాడు. అయినను కత్తి పట్టిన చేయి వెదురును మరువలేదు. ఏడాదికొక్కమారు, క్రిస్మసుకు ముందు, ఆ చేతికి పని దొరికేది.

ఆయన భార్య మార్తమ్మ పుట్టింటి నుండే క్రైస్తవురాలు. ఆయన కాడు. కార్తీకంలో ఆయన కురుమూర్తి స్వామి జాతరకు పోయేవాడు. ఆదివారం ఆమె ప్రార్థనమందిరానికి పోయేది. నలువది ఏండ్ల కాపురంలో ఒకరి దారికి ఒకరు అడ్డుపడినది లేదు. సంతానం కలుగలేదు. "నీ మొగన్ని బాప్తిస్మానికి ఎందుకు తోల్కరావు మార్తమ్మా?" అని సంఘంలోని ఆడవారు అడిగితే, ఆమె నవ్వి, "ఆయన గుడికి రాడమ్మా. గుడే మా ఇంటికొస్తది, డిసెంబర్‌ల ఒక్కరోజు. ఆయనకు గంతే సాలు" అనేది.

గుడి ఇంటికి రావడమంటే పాటల బృందం రావడం. పండుగకు రెండు మూడు దినాల ముందు, దీపాలు పెట్టే వేళకు, సంఘంవారు డోలకుతో, తాళాలతో బయలుదేరి విశ్వాసుల ఇండ్లముందు నిలిచి పాడతారు. ఏ ఇంటి చూరుకు నక్షత్రం వేలాడుతుంటే ఆ ఇంటివారు రమ్మంటున్నట్లు. ఆ పల్లెలో బక్కయ్య కట్టిన నక్షత్రాన్ని మించినది లేదని అందరూ ఒప్పుకొనేవారు. రంగుకాగితాలు ఆయన కురుమూర్తి జాతరలోనే కొని తెచ్చేవాడు. వెదురుబద్దలను గాబులో నానవేసి, గోరంత మందానికి చీల్చి, అయిదు మొనలుగా వంచి దారంతో కట్టేవాడు. మైదాపిండి ఉడికించి, బొద్దింకలు కొరుకకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, కాగితం అంటించేవాడు. రంగు ఎన్నిక మాత్రం మార్తమ్మది. ఆమె కాగితాన్ని ఎండకు ఎత్తిపట్టి, కన్ను చికిలించి చూచి, "ఇది ముసలి ఎరుపు. ఇంకోటి తీయి" అనేది. ఎరుపులో ముసలిది ఏమిటో బక్కయ్యకు ఏనాడూ అర్థం కాలేదు. అయినా ఆమె చెప్పినదే అంటించేవాడు. బృందం వచ్చినప్పుడు ఆమె వారితో కలిసి పాడుతుంటే, ఆయన చాయగిన్నె పట్టుకొని గోడకు ఆనుకొని, చివరి పాట ముగిసేవరకు కదలక నిలబడేవాడు.

ఒకమారు మార్తమ్మ మహబూబ్‌నగర్‌లో జరిగిన స్త్రీల కూటానికి పోయి వచ్చి, అక్కడి మందిరంలో పన్నెండు కొమ్ముల నక్షత్రాన్ని చూచినానని చెప్పినది. బల్లపరుపుగా ఉండేది కాదట. నడుమ బంతివలె ఉండి, అన్ని దిక్కులకూ కొమ్ములు పొడుచుకొని వచ్చినవట. "గసోంటిది కడుతవా?" అని అడిగినది. "వచ్చేయేడు" అన్నాడు బక్కయ్య. ఆ తరువాతి ఏడు కూడా అదే మాట అన్నాడు. పోయిన ఏటి శ్రావణంలో నాలుగు దినాల జ్వరంతో మార్తమ్మ కన్నుమూసినది.

చావు జరిగిన ఇంట ఆ ఏడు పండుగ చేయరు. హిందువులైనా క్రైస్తవులైనా ఆ సీమలో ఆచారం ఒక్కటే. అందుచేత ఆ డిసెంబరులో పాటలవారు బక్కయ్య ఇంటిదగ్గరకు వచ్చేసరికి డోలకు ఆపి, తల వంచుకొని, మౌనంగా దాటిపోయినారు. బక్కయ్య ఆచారం ఎరుగనివాడు కాడు. అయినను ఆ సాయంకాలం వాకిలి ఊడ్చి, అరుగు మీద కూర్చుండి, ఆ మౌనం ఇంటిముందు నుండి పోవడం చెవులారా విన్నాడు.

ఈ ఏడు డిసెంబరు మొదటి వారంలో బెంజమిన్ వచ్చినాడు. అతడు మార్తమ్మ చెల్లెలి కొడుకు, సంఘంలో పెద్ద, పాటలవారిని వెంటబెట్టుకొని తిరిగేవాడు అతడే.

"పెద్దబాపూ, ఇరవైరెండు తారీఖునాడు మన ఊర్ల పాటలు. మీ ఇంటికి రావాల్నా? పెద్దమ్మ లేకపాయె. నీకు ఇష్టముంటదో లేదోనని అడుగుతున్న."

రమ్మని ఆయన ప్రాణం కొట్టుకొన్నది. ఆ ఒక్క పూట తన వాకిట పాట వినబడితే చాలునని ఏడాది పొడుగునా అనుకొన్నవాడే. కాని మార్తమ్మ ఉన్నంతకాలం ఆ పిలుపు ఆమెది. సంఘం పుస్తకంలో పేరు లేనివాడు, మొక్కు వేరైనవాడు, ఏ హక్కుతో రమ్మనాలె? నోటితో అనలేని మాటను చేతులతో చెప్పడమే ఆయనకు తెలిసిన పద్ధతి.

"స్టార్ కడితే రాండ్రి" అన్నాడు. "కట్టకుంటే మీ దారిన మీరు పోండ్రి."

"గట్లనే పెద్దబాపూ" అని బెంజమిన్ పోయినాడు.

ఆ మరునాడే బక్కయ్య పని మొదలుపెట్టినాడు. ప్రతి ఏడు వాకిట్లో కూర్చుండి కట్టేవాడు. ఈసారి తలుపు మూసి ఇంటిలో కూర్చున్నాడు. ఆలు పోయిన ముసలివాడికి ఈ ఆటలేమిటని, తనది కాని పండుగకు ఈ సంబరమేమిటని బజారు అనుకొంటుందని సిగ్గుపడినాడు. ఇరవైరెండవ తేదీ పొద్దు గూకే వేళకు బయటకు తెచ్చి చూరుకు తగిలిస్తే, మాటలు పుట్టకముందే పాటలు వస్తాయని ఆయన లెక్క.

పక్కింటి ఐలేశం సేద్యం చేసుకొనేవాడు. బక్కయ్యకంటె నాలుగేండ్లు చిన్న. రెండు దినాలు చూచి, మూడవనాడు తలుపు తట్టినాడు.

"ఏం బక్కన్నా, తలుపు బిగించుకొని కూసున్నవు? సారాయి గిట్ల కాస్తున్నవా?"

"కాస్తే నీకు వాసన రాదా? నీ ముక్కు అప్పుడే లోపల ఉండేటిది."

"మరి ఏందే?"

"ఏం లేదు పోరా. నడుము నొస్తాంది."

వెదురుతో గుమ్మడికాయంత బుట్ట అల్లినాడు. దానిచుట్టూ కొమ్ములు నిలిపినాడు. ఒక్కొక్క కొమ్ముకు నాలుగేసి బద్దలు. మొన వద్ద దారం, మొదలు వద్ద మళ్లీ దారం. పన్నెండు కొమ్ములకు పది దినాలు పట్టినవి. తడి వెదురు వాసనతో ఇల్లంతా ఏటి ఒడ్డువలె ఉన్నది. పని సాగినంతసేపు ఆయనకు మనసు తేలికగానే ఉండేది. అన్నం ఉడికినదీ లేనిదీ మరిచిపోయి, బద్ద వంపు సరిగా వచ్చినదా అని తిప్పి తిప్పి చూచుకొనేవాడు.

కాగితాల వద్దకు వచ్చేసరికి చేయి ఆగిపోయినది. ఎరుపు ఒక చేతిలో, పసుపు ఒక చేతిలో పట్టుకొని కిటికీ వెలుతురుకు ఎత్తినాడు. "ఏది?" అని అడిగినాడు. అడిగిన తరువాత తన గొంతు తనకే వినిపించి ఉలికిపడినాడు. ఆనాడు ఇక ముట్టలేదు. మరునాడు ఆరు కొమ్ములకు ఎరుపు, ఆరింటికి పసుపు అంటించినాడు. సరిగా ఎంచినాడో లేదో చెప్పేవారు లేరు.

ఇరవైఒకటవ తేదీనాటికి అంతా ముగిసినది. నక్షత్రాన్ని దూలానికి కట్టి, లోపల బల్బు వెలిగించినాడు. గోడలమీద, కుండలమీద, పటాలమీద ఎరుపు పసుపు నీడలు పడినవి. ఆ వెలుగులోనే కూర్చుండి అన్నం తిన్నాడు.

మరునాడు సాయంకాలం ఊరి మొదట డోలకు వినబడినది. బక్కయ్య దూలపు కట్టు విప్పి, నక్షత్రాన్ని రెండు చేతులా ఎత్తుకొని తలుపు వద్దకు వచ్చినాడు. కొమ్ములు ద్వారబంధానికి తగిలినవి. పక్కకు తిప్పినాడు, తగిలినవి. వాల్చినాడు, తగిలినవి. అప్పుడు కాని ఆయనకు స్ఫురించలేదు. అయిదు మొనల నక్షత్రం బల్లపరుపుది. ఎంత పెద్దదైనా పక్కకు వాల్చితే పలకవలె ఏ గుమ్మంలోనుండైనా జారిపోతుంది. ఏండ్ల తరబడి చేతికి అదే అలవాటు. ఇది ఏ వైపు నుండి కొలిచినా నాలుగడుగులు. గుమ్మం వెడల్పు రెండున్నర.

అలికిడి విని ఐలేశం వచ్చినాడు. గుమ్మంలో ఇరుక్కొన్న కొమ్ములనూ, వాటి వెనుక బక్కయ్య ముఖాన్నీ చూచి, మొదట నవ్వు ఆపుకోలేకపోయినాడు.

"ఓరి నాయిన! పుట్టి అల్లెటోడు ఎవడన్న ఇంట్ల కూసుండి అల్లుతడా అన్నా? నడుము నొస్తాందంటివి గదనే!"

బక్కయ్య నక్షత్రాన్ని ఇంకొకమారు వాల్చి చూచినాడు. ఐలేశం నవ్వు మానినాడు.

"నాలుగు కొమ్ములు కోసెయ్యి. నేను పట్టుకుంట."

"జిగురు ఆరి పట్టేసింది. కోస్తే కాగితం మొత్తం లేస్తది. మళ్ల కట్టేసరికి రేపు పొద్దుమూకుతది."

"మరి వాళ్లు ఇగో బజార్లకు వచ్చిరి గద! నేను పోయి పిలుస్త ఉండు."

"వద్దు."

"ఎందుకొద్దే?"

"కడితే రమ్మన్న. కట్టలే."

"ఏం మనిషివే నువ్వు! ఇంట్ల ఉన్నది స్టార్ కాదా?"

"బయటికి కనబడ్తదా?"

ఇంతలో డోలకు దగ్గరపడినది. అరుగూ చూరూ బజారు వైపే ఉన్నా, బక్కయ్య ఇంటి గుమ్మం అటు లేదు. పక్క సందులోకి ఉన్నది. లోపల వెలుగు సందు దాటి పోదు. బజారులో అడుగుల చప్పుడు వచ్చి, చూరు ఎదుట ఒక్క గడియ ఆగినది. "ఆపుండ్రి, ఆపుండ్రి. జర సప్పుడు చెయ్యకుండ్రి" అన్నాడు బెంజమిన్ లోగొంతుతో. డోలకు ఆగినది. తాళాలు ఆగినవి. ఇచ్చిన మాట ప్రకారమే వారు మెల్లగా దాటినారు. పది ఇండ్ల అవతల, సంఘంవాడే అయిన పరశురాం ఇంటివద్ద డోలకు మళ్లీ మొదలైనది.

నక్షత్రాన్ని దించి నేలమీద పెట్టి, బక్కయ్య భుజాన తువ్వాలు వేసుకొన్నాడు.

"ఏడికి?" అన్నాడు ఐలేశం.

"జర గాలికి పోయొస్త."

పాటలవారి వెనుక, దీపాల వెలుగు అందనిచోట, ఆయన నిలబడినాడు. పరశురాం ఇంటిముందు రెండు పాటలు విన్నాడు. ఆపై మరొక ఇంటికి నడిచినాడు. మూడవ ఇంటివద్ద మార్తమ్మ ఏటేటా ఎత్తుకొనే పాట వచ్చినది. ఆమె తప్పుగా సాగదీసే చోట వీరు సాగదీయలేదు. పాట ముందుకు పోయినది.

పూజ అనే ఆ ఇంటి కొత్తకోడలు పళ్లెంతో వచ్చి అందరికీ చాయ, బన్నురొట్టె పంచుతూ ఆయన వద్దకు కూడా వచ్చినది. ఆమె ఆయనను ఎరుగదు.

"తీసుకో తాతా. పాడి పాడి గొంతు ఎండుంటది."

ఒక్క మాట పాడని బక్కయ్య, కాదనలేక, బన్ను చేతిలోకి తీసుకొన్నాడు.

అప్పుడు బెంజమిన్ చూచినాడు.

"పెద్దబాపూ! నువ్వెప్పుడొచ్చినవు? స్టార్ కట్టకపోతివి గదా, ఇష్టం లేదేమోనని మేం సప్పుడు చెయ్యకుండ వస్తిమి."

"కట్టిన."

"ఏడ కట్టినవు? కనబడలే గదా?"

"ఇంట్ల కట్టిన. పన్నెండు కొమ్ములది. గుమ్మంల పడతలేదు."

బెంజమిన్‌కు నవ్వు రాలేదు. వెనుకకు తిరిగి, "ఏయ్, డోలకు పట్టుండ్రి, పెద్దబాపు ఇంటికి పోదాం" అన్నాడు.

బజారు చివర ట్రాలీ ఆటో నిలిచి ఉన్నది. ఇంకా రెండు పల్లెలు మిగిలినవని డ్రైవరు రెండుసార్లు హారను కొట్టినాడు. ఆటోలో ఒకరిద్దరు చిన్నపిల్లలు తల్లుల ఒడిలో అప్పటికే నిద్రపోయినారు. పాడేవారి గొంతులు బొంగురుపోయి ఉన్నవి. బక్కయ్య వారందరినీ ఒక్కసారి కలయచూచినాడు. ఏ మాట కోసం ఏడాది పొడుగునా కాచుకొన్నాడో ఆ మాట ఇప్పుడు తనంతట వచ్చినది. అవునంటే చాలు.

"ఇంకెన్ని ఇండ్లున్నయి?" అని అడిగినాడు.

"పక్క ఊర్ల ఆరు, దాని ఆవలి ఊర్ల నాలుగు. అయినా ఫికర్ లేదు, నువ్వు పద."

"స్టార్లు కట్టుకున్నరా వాళ్లు?"

"కట్టుకున్నరు పెద్దబాపూ."

"అయితే పోండ్రి బిడ్డా. వాకిట్ల కూసోని చెవులు నిక్కబెట్టుకొని ఉంటరు. పోండ్రి."

"మరి నీ ఇంటికి?"

"నేను ఈడ మూడిండ్ల కాడ విన్న. నాకు ముట్టింది."

బెంజమిన్ ఇంకేమో అనబోయినాడు. హారను మళ్లీ మోగినది. అతడు పెద్దనాయన చేతిని ఒకసారి తన రెండు చేతులలోకి తీసుకొని వదిలి, పరుగున పోయి ఆటో ఎక్కినాడు. ఆటో కదిలిన కొంతసేపటికి, చెరువుకట్ట మలుపు అవతల, డోలకు చప్పుడు సన్నగా వినబడి ఆగిపోయినది.

బజారులో తలుపులు మూసుకొంటున్నవి. బక్కయ్య బన్నును తువ్వాలు చెంగున ముడివేసుకొని, చలికి చేతులు చంకలలో ముడుచుకొని, ఇంటివైపు నడిచినాడు.