మామగారు ప్రసాదం వద్దన్న రోజు

మొన్న పొద్దున మా మనవరాలు నా వేలి కొనను సూదితో పొడిచి, ఆ రక్తపు చుక్కను అగ్గిపెట్టెంత యంత్రానికి అంటించి, ఇక కాఫీలో పంచదార బంద్ అని తీర్పు చెప్పి కాలేజీకి వెళ్ళిపోయింది. ఆ చప్పని కాఫీ తాగుతూ కూర్చుంటే, నా ఈడు వాళ్ళలో ఎంతమందికి గుర్తుందో గాని, ఇదే సంగతిని నీలిరంగు మందునీళ్ళతో కనిపెట్టిన రోజులు కళ్ళముందు మెదిలాయి.

యాభైల నాటి మాట. నేను టెక్కలిలో కొత్త కోడలిని. మా మామగారు పురోహితులు. ఉద్దానం ఊళ్ళలో వ్రతాలకీ పెళ్ళిళ్ళకీ కొబ్బరితోటల రైతులు బండి కట్టి ఆయన్ను తీసుకువెళ్ళి, మళ్ళీ అదే బండిలో ప్రసాదాలు, బెల్లం, అరటిపళ్ళతో ఇంటి దగ్గర దింపేవారు. తీపంటే ఆయనకు ప్రాణం. మజ్జిగన్నంలోకి కూడా ఊరగాయతో పాటు బెల్లంముక్క ఉండాల్సిందే. ఆ ఎండాకాలం ఆయన చెంబుల కొద్దీ నీళ్ళు తాగడం మొదలుపెట్టారు. చెప్పు ఒరుసుకుని బొటనవేలికి పడ్డ పుండు ఎంతకీ మానలేదు. ఒకనాడు అత్తగారు పెరటి గోడవారన నిలబడి నన్ను కేకేశారు.

"ఇటు రావే, ఈ చీమలు చూడు. ఇక్కడ ఏటుందని ఇలా బారులు కట్టాయి?"

మామగారు రాత్రిళ్ళు ఒంటికి వెళ్ళేది అక్కడికేనని ఇద్దరికీ తెలుసు. చీమలు ఎందుకన్నదే తెలియలేదు. ఊళ్ళో డాక్టరుగారు చూసి, ఇది చక్కెర జబ్బు, తీపి పూర్తిగా మానేసి అన్నం తగ్గించి చోడి అంబలి, అంటే రాగి జావ, తాగకపోతే ఆ వేలు తీసేయవలసి వస్తుందని చెప్పి, ఒక గాజు గొట్టం, స్పిరిట్ దీపం, సీసాడు నీలి మందు ఇచ్చి పంపారు. ఆయన మూత్రం చుక్కలు కొన్ని ఆ మందులో వేసి కాచాలి. నీలంగానే ఉంటే మేలు, ఆకుపచ్చకు తిరిగితే కొంచెం చక్కెర, పసుపైతే ఎక్కువ, ఇటుక రంగైతే మరీ ఎక్కువ.

మావారు పలాసలో గుమాస్తా, పొద్దున్నే రైలెక్కేవారు. అత్తగారికి చూపు ఆనదు. అలా ఆ పని నాకు వచ్చింది. మామగారు సిగ్గుతో గ్లాసును గోడ మీద పెట్టి, అరిటాకు ముక్క కప్పి, ఒకసారి దగ్గి వెళ్ళిపోయేవారు. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, అది గారడీలా ఉండేది. ఒంట్లో కనపడని తీపి గొట్టంలో రంగై ఎలా పైకి వస్తుందా అని ఊపిరి బిగబట్టి చూసేదాన్ని.

ఇంట్లో ఆయన బెల్లం ముట్టడం మానేశారు. అంబలి తాగుతున్నారు. అయినా వ్రతానికి వెళ్ళొచ్చిన మర్నాడల్లా గొట్టం ఇటుక రంగే. అత్తగారు నిలదీస్తే, వ్రతం దగ్గర ప్రసాదం తింటున్నానని ఆయన ఒప్పుకున్నారు. ప్రసాదం కాదని వెళ్ళినవాళ్ళు ఎన్ని పాట్లు పడ్డారో తన నోటితోనే కథ చదివి, తానే ప్రసాదం ఎలా వద్దంటారు? జబ్బు కంటే ఆ భయమే ఆయనకు పెద్దది. అందుకే ఆ తరువాతి వ్రతానికి అత్తగారు నన్ను కాపలాగా బండెక్కించారు.

ఊరు సముద్రానికి దగ్గర. కథ ముగిసింది. ఆ ఇంటి పెద్దావిడ నెయ్యి ఓడుతున్న ప్రసాదం ఆకునిండా పెట్టి తెచ్చింది. మామగారు చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

"ఏటి బాబూ, కత సెప్పిన మీరే పెసాదం వొద్దంతే మాకేటి దారి?" అంది ఆవిడ. పందిరి కింద అందరూ ఇటు తిరిగారు.

మామగారు కాలికి కట్టిన గుడ్డ మెల్లగా విప్పారు.

"దేవుడి మీద అలక కాదమ్మా. నాకు చక్కెర జబ్బు. తీపి తింటే ఈ వేలు తీసెయ్యాలన్నారు."

ఆవిడ ఆ పుండు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో తండ్రీ! ముందే సెప్పకూడదేటి? కల్లకద్దుకోండి, సాలు. మల్లీ యేడు కత సెప్పడానికి మీరుండాల కదా."

ఆయన ప్రసాదం కళ్ళకద్దుకుని, ఒక్క నూక పలుకు నాలుక మీద వేసుకున్నారు. బండిలో తిరిగి వస్తూ మధ్యలో ఒకసారి ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నారు. మర్నాడు గొట్టంలో మందు ఆకుపచ్చకు తిరిగి అక్కడే ఆగింది.

ఆ కబురు తోటలన్నీ తిరిగింది. ఆయన ఏ గుమ్మం ఎక్కినా ముందుగా ఉప్పువేసిన మజ్జిగ ఎదురొచ్చేది. పిల్లలు ఆయన్ను ఉప్పు పంతులుగారనేవారు, ఆయన నవ్వేవారు. చలికాలం వచ్చేసరికి పుండు మానింది, వేలు దక్కింది. ఆ తరువాత చాలా ఏళ్ళు ఆయన అదే పెద్దావిడ ఇంట్లో కథ చెప్పారు.

ఈమధ్య ఒక గృహప్రవేశానికి వెళితే, చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు వేరే బల్ల వేసి, తీపి లేని మిఠాయిలు వరసగా పేర్చి ఉంచారు. ఏర్పాటుకు వంక పెట్టలేను, కాని మళ్ళీ ఏడు మీరుండాలి కదా అనేవాళ్ళే అక్కడ లేరు. మేము పది మందిమి ప్లేట్లు పట్టుకుని నిలబడి తిన్నాం. పక్కనున్నాయనకు జబ్బు ఎప్పుడొచ్చిందో నేను అడగలేదు, ఆయనా నన్ను అడగలేదు.