పటంలో వేయని చుక్క

1978 సెప్టెంబరులో నన్ను దుబాయ్ ఆఫీసు నుంచి రాస్ అల్ ఖైమా క్వారీ ప్రాజెక్టుకి సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌గా వేశారు. సీనియర్ అన్నది గొప్ప హోదా ఏమీ కాదు, అక్కడ జూనియర్ అంటూ ఎవరూ లేరు. కొండని పేల్చి రాయి తీసే చోట, సర్వేయర్లు కొలిచి తెచ్చిన అంకెల్ని పటంగా గీయడం నా పని. నెలకోసారి కొండ ఎంత తరిగిందో గీసి చూపించాలి. రెండు నెలలు తిరిగేసరికి కొండతో పాటు నా ఓపికా తరిగింది. పొద్దున ఆరింటికి బోర్డు ముందు కూర్చుంటే క్రషర్ దుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి ట్రేసింగ్ కాగితం మీద వాలేది. దాన్ని మెత్తటి గుడ్డతో దులపడం, ఒక గీత గీయడం, మళ్లీ దులపడం. ఇదీ ఉద్యోగం.

మా చీఫ్ సర్వేయర్ ఇంగ్లండ్ మనిషి, పేరు ఆర్థర్ మర్త్వైట్. అప్పటికి యాభై ఎనిమిదేళ్లు. ఆఫ్రికాలోనూ గల్ఫ్‌లోనూ కలిపి ముప్పై ఏళ్లుగా రోడ్లూ రేవులూ కొలుస్తున్నాడు. అరవై నిండగానే కాంట్రాక్టు ఖలాస్. గట్టిగా మాట్లాడడు, పొగడడు, తిట్టడు. తప్పు కనిపిస్తే పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి పటం వెనక్కి పంపేవాడు. ఆ సున్నాకి నేను తిట్టుకన్నా ఎక్కువ భయపడేవాణ్ణి. ఆయన వెంట కొలతకర్ర మోసే చైన్‌మన్ మల్లేశం, జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. ఇంగ్లీషు ముక్క రాదు. అయినా ఎదుటి గుట్ట మీంచి ఆయన చెయ్యెత్తితే ఏం కావాలో అతనికి తెలిసిపోయేది.

మా వృత్తిలో మూడు కట్టుబాట్లున్నాయి, ఇక్కడే చెప్పేస్తాను. ఒకటి, కొలతలు రాసే ఫీల్డు పుస్తకంలో రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే ఒక్క అడ్డగీత కొట్టి పక్కన పొడి అక్షరాలు పెట్టాలి, కింద అంకె కనిపిస్తూనే ఉండాలి. రెండు, ప్రతి పటానికీ కుడివైపు అడుగున గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని మూడు గళ్లుంటాయి. మూడు సంతకాలూ పడేదాకా అది పటం కాదు, వట్టి కాగితం. ఇక మూడోది, వంద రీడింగుల్లో తొంభై తొమ్మిది ఒక దగ్గర ఉండి ఒక్కటి ఎక్కడో పడితే దాన్ని వైల్డ్ రీడింగ్ అంటారు. పరికరం కదిలిందనో చూపు తప్పిందనో తీర్మానించి దాన్ని పక్కన పెడతారు. అయితే ఆ తీర్మానం చేయవలసింది సర్వేయరు, డ్రాఫ్ట్స్‌మన్ కాదు.

ఆ నవంబరులో ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఆయన నా పేరు ముందున్న అక్షరం దేనికని అడిగాడు. ఇంటిపేరు అని చెప్పాను. అడిగిందానికి జవాబు చెప్పి ఊరుకుంటే బాగుండేది. మా ఇంటిపేరువాళ్లు గోదావరి కింద రెండే ఊళ్లలో ఉన్నారనీ, ఇంటిపేరు కలిస్తే పెళ్లిళ్లు చేసుకోమనీ, ముఖం ఎరగని దాయాది పోయినా కబురు అందితే మైల పడతామనీ వివరించాను. మా దేశంలో ఇంటిపేరు చెబితే ఊరు చెప్పినట్టేనని కాస్త దర్జాగానే అన్నాను. గుమ్మం దగ్గర కూర్చుని కొలతకర్ర తుడుస్తున్న మల్లేశం ఏం సంగతని అడిగితే అదే మాట అతనికి తెలుగులో చెప్పాను.

“గట్లనే అనుకుంటరు సార్. ఇంటిపేరు కస్తూరోరు, ఇల్లంత గబ్బిలాల కంపు అంటరు గద!” అని నవ్వాడు.

ఆ మాట ఇంగ్లీషులో చెప్పినా మర్త్వైట్ మాత్రం నవ్వలేదు. టీ కప్పు పక్కన పెట్టి తన సంగతి చెప్పాడు. ఆయన పెరిగింది అనాథాశ్రమాల్లో. చిన్నప్పుడే ఒక ఆశ్రమం నుంచి ఇంకోదానికి మార్చారు. మొదటిది ఏ ఊళ్లోదో కూడా తెలియదు. చేతిలో మిగిలిందల్లా ఆ ఇంటిపేరు. ముప్పై ఏళ్లలో ఆ పేరున్న ఇంకో మనిషి ఆయనకి ఎదురుపడలేదు. ఎక్కడో ఒక పుస్తకంలో చదివాడట, వెయ్యేళ్ల కిందట సముద్రం దాటి వచ్చిన ఉత్తరాదివాళ్లు ఇంగ్లండ్ వాయవ్య మూల కొండల్లో స్థిరపడి, అడవి నరికి సాగులోకి తెచ్చిన చెక్కని త్వైట్ అనేవారు. బీడులో కొట్టిన పోడు అన్నమాట మర్త్వైట్ అంటే. అది ముందు పొలం పేరు, తర్వాత ఊరి పేరు, ఆ తర్వాత ఆ ఊరివాళ్ల ఇంటిపేరు అయింది. మనకీ ఇంతేగా అనుకున్నాను.

వీసా కాగితాల్లో స్వదేశంలో చిరునామా అన్న గడిలో ముప్పై ఏళ్లుగా కంపెనీ చిరునామానే రాస్తున్నాడట. రెండేళ్లలో ఆ చిరునామా కూడా ఉండదు. తన పేరువాళ్లు ఎక్కడున్నారో తెలిస్తే ఆ చుట్టుపక్కలకి పోయి ఉండాలని ఉందన్నాడు. అంత పెద్ద మనిషి అలా అంటుంటే నాకు జాలేసింది. నేను వెతికిపెడతానని మాట ఇచ్చేశాను.

ప్రతి గురువారం ప్రింట్లు తీయించడానికి కంపెనీ వ్యానులో దుబాయ్ వెళ్లేవాణ్ణి. అక్కడ ఒక వాణిజ్య సంస్థ పఠనాలయంలో ఇంగ్లండ్ ఫోన్ డైరెక్టరీలు ఒక గోడంతా ఉండేవి, ప్రాంతానికో సంపుటం. ప్రింట్లు ఆరేలోపు రెండు మూడు సంపుటాలు తిరగేసి, ఆ పేరు కనిపించినచోటల్లా పొడి అక్షరాలూ ఊరూ నా నోటుపుస్తకంలో ఎక్కించుకునేవాణ్ణి. మర్త్వైట్లు దొరకడం అంత తేలిక కాదు. కొన్ని సంపుటాల్లో ఒక్కరూ లేరు. కళ్లు లాగేవి. వ్యాను డ్రైవరు బయట హారన్ కొట్టి యల్లా యల్లా, పద పద అని అరిచేవాడు. జనవరి మూడో వారానికి సంపుటాలన్నీ అయిపోయాయి. మొత్తం నలభై ఒక్క పేర్లు తేలాయి.

ఇంగ్లండ్ పటం మీద ముందు పెన్సిలుతో చుక్కలు పెట్టాను. నలభై చుక్కలు వాయవ్య మూలలో, ఒక లోయలోనూ దాని కింది పట్నాల్లోనూ చీమల బారులా పడ్డాయి. ఒక్కటి మాత్రం దేశానికి అవతలి పక్కన, తూర్పు తీరంలో ఒక చేపల రేవులో పడింది. మిస్ ఇ. మర్త్వైట్ అని ఉంది. ఇంకే వివరం లేదు.

ఆ చుక్కని నేను వదిలేశాను. ఎందుకు వదిలేశానో దాచుకోను. వైల్డ్ రీడింగ్ అనిపించింది, అది వృత్తి అలవాటు. ఇంటిపేరువాళ్లంతా ఒక్కచోటే ఉంటారన్నది నా దేశవాళీ నమ్మకం. ఈ రెంటికన్నా పెద్దది, అది లేకపోతే పటం అందంగా ఉంది. నోటుపుస్తకంలో ఆ పేరు మీద పద్ధతి ప్రకారం ఒక్క అడ్డగీత కొట్టి పొడి అక్షరాలు పెట్టాను. పటం మీద ట్రేసింగ్ కాగితం పరిచి నలభై చుక్కలూ ఇంకుతో దిద్దాను.

ఫీల్డు పుస్తకాలు ఇవ్వడానికి వచ్చిన మల్లేశం బోర్డు మీదికి వంగి చూశాడు.

“కింద పెన్సిలు చుక్క ఉన్నది గద సార్, పైన లేదేంది?” అని తూర్పు తీరం మీద వేలు పెట్టాడు.

అదొక్కటీ గుంపులో కలవదు, లెక్కలోకి రాదు అన్నాను.

“గట్లెట్ల సార్? మా నాయన పుట్టింది గుండేటోళ్ల ఇంట్ల. బోగోళ్లు సాదుకున్నరు. గప్పటిసంది మేం బోగోళ్లమే. మీరు లెక్క రాస్తె మా ఊళ్లె ఉన్న బోగోళ్లందరు మాకు రక్తపోళ్లే అయితరు. గని మా నాయనను సాదినామె మాత్రం ఏరే ఊళ్లె ఉండె. సాబుకు గా చుక్క సుత చూపెట్టున్రి, ఏం పోయింది?”

నేను డిప్లొమా పట్టా ఉన్న సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ని, అతను కొలతకర్ర పట్టేవాడు. పని చూసుకో మల్లేశం అన్నాను. అతను పుస్తకాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

పటం చూసి మర్త్వైట్ కుర్చీలో కూర్చుండిపోయాడు. ఇంతేనా, ఇంకెక్కడా లేరా అని అడిగాడు. ఇంతే అన్నాను. సొంత పని కదా అని అడుగున గళ్లు గీశానే గాని సరిచూసినవారి గడి ఖాళీగా వదిలాను. ఆయనా సంతకం పెడతాననలేదు. నా మాట మీద అంత నమ్మకం.

లోయలోని చిరునామాలకి ఉత్తరాలు రాశాడు. జవాబులు మర్యాదగానే వచ్చాయి. ఆ వయసు పిల్లవాణ్ణి ఆశ్రమంలో వదిలిన సంగతి మా ఇళ్లలో ఎవరికీ తెలియదన్నారు. ఆయన నీరసపడితే నేనే ధైర్యం చెప్పాను. కాగితం మీద కాదన్నవాళ్లు గుమ్మంలో నిలబడితే కాదనలేరనీ, మా వైపు అయితే ముందు విస్తరి వేసి తర్వాత వరస అడుగుతారనీ అన్నాను. ఆ జూలైలో సెలవు పెట్టి, నా పటం చుట్టగా చుట్టి పట్టుకుని వెళ్లాడు.

సెప్టెంబరులో తిరిగొచ్చాడు. రెండోరోజు మధ్యాహ్నం నా బోర్డు దగ్గరికి వచ్చి నిలబడి, పని వివరాలు చెప్పినట్టే చెప్పాడు. లోయలో అందరూ మంచివాళ్లే, టీ ఇచ్చారు, ఎవరూ బంధువులు కారు. చివరికి ఒక ముసలి రైతు గుర్తు చేసుకుని చెప్పాడట. మా వాళ్లమ్మాయి ఎలెన్ అని ఒకతె చిన్నతనంలోనే తూర్పు రేవుకి పోయి పిల్లల ఆశ్రమంలో బట్టలుతికే పనిలో చేరిందని, పెళ్లి చేసుకోలేదని, ఇంకా అక్కడే ఉందనుకుంటానని.

మర్త్వైట్ ఆ రాత్రి రైలెక్కి రేవుకి వెళ్లాడు. ఆశ్రమం రిజిస్టరు ఇంకా భద్రంగా ఉంది. పేరు లేకుండా వచ్చిన పసివాడికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచకూడదని, ఉతికే పనిలో ఉన్న ఎలెన్ తన పేరు రాయించింది. రెండేళ్లు వాణ్ణి తన గదిలోనే పెంచుకుంది. తర్వాత పైవాళ్లు పిల్లవాణ్ణి వేరే ఊరికి మార్చారు. ఎక్కడికని ఆమె అడిగితే చెప్పలేదు.

ఆమె ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఏప్రిల్‌లో పోయిందట. పక్కింటామె చెప్పింది, ముసలామెకి ఎవరూ ఫోన్ చేసేవారు కాదు, అయినా ఫోన్ తీయించనివ్వలేదని.

ఇంతా చెప్పి ఆయన నా నోటుపుస్తకం అడిగాడు. ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉంటాను? ఒక్కో పేజీ తిప్పి, అడ్డగీత ఉన్న చోట ఆగాడు. గీత కింద పేరు స్పష్టంగా కనిపిస్తోంది. పక్కన నా పొడి అక్షరాలు. ఎందుకు కొట్టేశావని అడిగాడు. గుంపుతో కలవలేదని చెప్పాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మూడు నెలలు. ఆ లెక్క ఇద్దరం మనసులోనే చేసుకున్నాం. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. క్షమించమని అన్నాను. అది చాలా చిన్న మాట అని అంటున్నప్పుడే తెలుసు.

ఆయన తిట్టలేదు. చంకలోని పటం విప్పి బోర్డు మీద పరిచి, ఆ చుక్క వెయ్యి అన్నాడు. వేశాను. ఇంకు ఆరేదాకా నిలబడి, సరిచూసినవారి గడిలో సంతకం చేసి, తేదీ వేసి, పటం చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మల్లేశాన్ని వెతుక్కుంటూ క్యాంపుకి వెళ్లి జరిగింది చెప్పాను.

“నేన్ జర గట్టిగ చెప్పాల్సుండె సార్” అన్నాడు. తప్పు నాదైతే అతను తనమీద వేసుకోవడం నాకు ఇంకా కష్టంగా తోచింది.

మర్త్వైట్ కాంట్రాక్టు ముగిసి వెళ్లిన ఏడాది కొత్త సంవత్సరానికి ఒక కార్డు పంపాడు. రెండు ముక్కలు, కింద సంతకం. కవరు వెనక చిరునామాలో ఉన్న ఊరు పేరు నాకు వెంటనే తెలిసింది. నా నోటుపుస్తకంలో ఎలెన్ పేరుతో పాటు నేను గీత కొట్టిన రేవు అదే.

ఆ తర్వాత మరో పందొమ్మిదేళ్లు గల్ఫ్‌లోనే పనిచేసి చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా దిగాను. నా కింద చేరిన ప్రతివాడికీ మొదటిరోజు చెప్పింది ఇదే. సరిపడని రీడింగు వస్తే దాన్ని పటంలో వెయ్యి, పక్కన ప్రశ్నార్థకం పెట్టు, సరిచూసేవాడికి చూపించు. తీసేసే అధికారం మనది కాదు. కొలతకర్ర పట్టినవాడు ఏమైనా చెబితే రాసుకో. ఇందులో పెద్ద శ్రమ లేదు. ఆ చుక్క వేయడానికి నాకు ఆ సెప్టెంబరులో రెండు నిమిషాలు పట్టింది. జనవరిలో వేసినా అంతే పట్టేది.