అమ్మ ఫొటో లేని సినిమా

మొన్న ఆదివారం ఆరాధన అయిపోయాక, పెద్దారవీడు దగ్గర మా ఊరి చర్చిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడమీద మా చెల్లెలి కూతురు తీసిన సినిమా వేశారు. డాక్యుమెంటరీ అంటారట; అంతా మా అమ్మ గురించే. అమ్మ పోయి నలభై ఏళ్లు దాటింది, ఆమెది ఒక్క ఫొటో కూడా లేదు. అందుకని ఆ పిల్ల మార్కాపురం గనుల దగ్గరి రాతిగుట్టలనూ, మా పాత కట్టెలపొయ్యినీ, మా అక్కచెల్లెళ్ల చేతులనూ చాలాసేపు చూపించింది. నా పక్కన కూర్చున్న మా ఈడు ఆడవాళ్లు మొదట గుసగుసలాడారు గానీ, వాళ్ల వాళ్ల అమ్మలు గుర్తొచ్చారేమో, కాసేపటికి కొంగులతో కళ్లొత్తుకున్నారు.

మా అమ్మ పలకల ఫ్యాక్టరీలో పనిచేసేది. మగవాళ్లు చీల్చిన రాతిపలకలను ఆడవాళ్లు నున్నగా రుద్దేవాళ్లు. సాయంత్రం బస్సు దిగేసరికి అమ్మ కనుబొమల మీద కూడా బూడిదరంగు దుమ్ముండేది. మేము పరుగెత్తుకొస్తే తొట్టి దగ్గర మొహం కడుక్కున్నాకే ముట్టుకోనిచ్చేది. చదువు రాదు, అయినా బైబిలు నాచేత చదివించుకుంటూ, తొందరలో నేనొక వాక్యం దాటేస్తే ఇట్టే పట్టేసేది. ఆ దుమ్ముకు పట్టుకుని చివరికి ఆమెను తీసుకుపోయిన దగ్గు ఎప్పుడు మొదలైందో మాలో ఎవరికీ గుర్తులేదు.

నేను టీచర్ ట్రైనింగులో ఉండగా, సరిగ్గా చివరి పరీక్షల రోజుల్లో అమ్మ పోయింది. నాకు తెలియదు. పరీక్షలు ముగించుకుని, పొదిలి బస్టాండులో అమ్మకని ద్రాక్షపళ్లు కొనుక్కుని ఇల్లు చేరితే, వాకిట్లో నాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. సమాధి మీద మట్టి అప్పటికే ఎండిపోయింది. ఎందుకు కబురు పెట్టలేదని ఎంత ఏడ్చినా నాయన తలవంచుకున్నాడే గానీ నోరు విప్పలేదు. ఆ మౌనాన్ని నేను క్షమించలేకపోయాను. ఉద్యోగం వచ్చాక ఆయనకు బట్టలు పెట్టాను, జబ్బుచేస్తే మందులిప్పించాను, కానీ ఆయన పోయేదాకా ఎదురుగా కూర్చుని మనసువిప్పి మాట్లాడలేదు.

సినిమా సగం దాటాక మా చెల్లెలు కనిపించింది, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ. కూతురేదో అడిగితే తలెత్తకుండానే చెప్పింది.

"అక్కను పిల్చకొస్తానని నాయన బయల్దేరినాడు. అమ్మే చెయ్యి పట్టుకోని ఆపింది. 'పిల్లకు చెప్పొద్దు, పరీక్ష పోతాది. నేను వద్దన్నానని కూడా చెప్పొద్దు, అది తట్టుకోలేదు' అనింది. నాయన మాటిచ్చినాడు."

తరవాత గోడమీద ఏం కదిలిందో నేను చూడలేదు. బయటికొచ్చాక చెల్లెల్ని నిలదీశాను.

"ఇన్నేండ్లూ నాకెందుకు చెప్పలేదే?"

"నాయన నా దగ్గర కూడా మాట తీసుకున్నాడు కదక్కా. 'నా మీద కోపంతో అది బతుకుతాది, వాళ్లమ్మ మీద కోపమొస్తే బతకలేదు' అన్నాడు. ఈ పిల్లకు చెప్తినే గానీ, ఇట్ల గోడమీదేస్తాదని నాకేం తెలుసు?"

ఆ సాయంత్రం నాయన సమాధి దగ్గరికి వెళ్లాను. అమ్మ కోసం ఎన్నోసార్లు వచ్చాను గానీ, పక్కనే ఉన్న ఆయన కోసం రావడం అదే మొదలు. నాయనా అని పిలిచి, చీకటిపడేదాకా అక్కడే కూర్చున్నాను. ఇప్పుడు నేను రెండుసార్లు దగ్గితే చాలు, నిమిషంలో పిల్లలందరి ఫోన్లూ మోగుతాయి. ఎవరి కష్టాన్నీ ఎవరూ దాచలేరు, మంచిదే. మా ఇంట్లో ఒక్క మాట వాకిలి దాటి నన్ను చేరడానికి నలభై ఏళ్లు పట్టింది; చేరేసరికి, నేను బదులు చెప్పుకోవలసిన మనిషి లేడు.