పగటిపూట పరదాలు మూసిన హార్మెన్

నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండ్‌లో మా వీధిలో పగలు కిటికీ పరదాలు ఎవరూ మూయరు. మూశారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. ఆ శనివారం చూస్తే పక్కింటి హార్మెన్ పరదాలు మూసి ఉన్నాయి.

హార్మెన్ ముప్పయ్యేళ్లు చీజ్ తూచే ఉద్యోగం చేశాడు. రిటైరైనా ఆ తూకం బుద్ధి పోలేదు. కాఫీకి పిలిస్తే మనిషికో బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూసేస్తాడు. నాది విరిగి ఉంటే తనదీ అంతే విరుస్తాడు. కంప్యూటర్ చేత చదరంగం ఆడించే ప్రోగ్రాములు రాసే మా సంఘానికి అంపైరు ఆయనే.

ఈ ఏడాది ఛాంపియన్‌తో తలపడే అవకాశం కోసం రెండే ప్రోగ్రాములు మిగిలాయి. ఒకటి ఆయన భార్య చిట్స్కే ఆరేళ్లు కూర్చుని రాసిన ప్రోగ్రాము, రెండోది రొట్టెల దుకాణం గోసెది. హార్మెన్ ఇంట్లోనే పోటీ: ఒకేరకం కంప్యూటర్లు రెండు, వంద ఆటలు. శుక్రవారం సాయంత్రానికి చిట్స్కే ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. ఎప్పుడూ ముక్తసరిగా ఉండే మనిషి నన్ను వాటేసుకుని ఏడ్చేసింది.

తెల్లారేసరికి పరదాలు మూసున్నాయి. నల్లకోటు తొడుక్కుని, పూలు పట్టుకుని తలుపు తట్టాను. చిట్స్కే తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"హార్మెన్ ఎప్పుడు పోయాడమ్మా?"

"పోతే బాగుండేది. లోపలే ఉన్నాడు, చూడు."

చీకట్లో హార్మెన్ థర్మామీటరు పట్టుకుని రెండు కంప్యూటర్ల మధ్య కూర్చున్నాడు.

"మొన్న మధ్యాహ్నమంతా గోసె కంప్యూటరు మీద ఎండ పడింది. వేడెక్కి నెమ్మదించింది. అప్పుడు ఆడిన నలభై ఆటలు చెల్లవు, పరదాలు మూసి మళ్లీ ఆడిస్తున్నా," అన్నాడు. మా ఊరికి ఎండ రావడమే అపురూపం. వచ్చి వచ్చి ఆ రోజే రావాలా!

"గోసె అడిగాడా?" అంది చిట్స్కే.

"వాడికసలు తెలీదు."

"మరి నీకెందుకయ్యా ఈ దురద?"

"నాకు తెలిసిపోయిందిగా," అన్నాడు నేలచూపులు చూస్తూ.

మధ్యాహ్నానికి మరో నలుగురు పూలతో దిగారు. గోసె కూడా సంతాపం చెప్పడానికి ఎండుద్రాక్ష రొట్టె తెచ్చాడు. సంగతి తెలిశాక ఆ రొట్టె ఎవరికివ్వాలో తోచక ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రానికి ఆటలు ముగిశాయి. రెండు పాయింట్ల తేడాతో గోసెది గెలిచింది. ఆరేళ్ల కష్టం అలా పోయింది. నాకైతే హార్మెన్‌ని చితకబాదాలనిపించింది.

గోసె ఇబ్బందిగా కదిలాడు. "ఛాంపియన్‌తో ఆటకి వేరే అంపైర్ని చూద్దామా చిట్స్కే? నా వల్ల మీ ఇంట్లో గొడవెందుకు?"

చిట్స్కే అతని ఒళ్లోంచి రొట్టె లాక్కుని కోయసాగింది.

"నోర్మూసుకో గోసె. మొగుడిదేముంది, కావాలంటే రేపే ఇంకొకణ్ణి వెతుక్కుంటా. ఇలాంటి అంపైరు ఎక్కడ దొరుకుతాడు?"

హార్మెన్ లేచి పరదాలు తెరిచాడు. అందరికంటే పెద్ద ముక్క చిట్స్కే ఆయన పళ్లెంలోనే వేసింది. తూకం చూడకుండా తినేశాడు.