నా కుడిచేతితో నేను మాట్లాడిన మధ్యాహ్నం

సహోదరులారా, సహోదరీలారా, నా కుడిచెయ్యి చచ్చుబడిన ఆ వానాకాలాన్ని ఇప్పుడు తలచుకుంటే, నీళ్ల అడుగు నుంచి చూసినట్టు అన్నీ మసకమసకగా కదులుతాయి. సీతాఫల్‌మండిలో మా ఇంటి కిటికీ, దాని అవతల దూరంగా రైళ్ల చప్పుడు, మంచం మీద నేను, నా పక్కన నాది కానట్టు పడి ఉన్న ఒక చెయ్యి! రెండో తరగతి పిల్లలకు బోర్డు మీద పాఠం రాస్తుండగా సుద్దముక్క జారింది, తీసుకుందామని వంగితే వేళ్లు నా మాట వినలేదు, నోరు వంకరపోయింది, పిల్లలు ఏడుస్తూ పక్క క్లాసులోకి పరిగెత్తారు. పక్షవాతం అన్నారు డాక్టర్లు. మాట తిరిగొచ్చింది, నడక వచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు.

ఆ చేతిని నేనెంత అసహ్యించుకున్నానో! ఎవరైనా వస్తే కొంగు కింద దాచేదాన్ని, మా ఆయన అన్నం కలిపి తినిపిస్తుంటే ఎడంచేత్తో దాన్ని కొట్టేదాన్ని. పనికిమాలినదానా, దండగమారిదానా అని లోపల ఒక గొంతు తిడుతూనే ఉండేది, ఆ తిట్లు చేతికో నాకో కూడా తెలిసేది కాదు. మందిరానికి రావడం మానేశాను. "ప్రభువా, ఎవరికీ అక్కరకు రాని ఈ బతుకెందుకు, నన్ను తీసుకుపో" ఇదొక్కటే నా ప్రార్థన.

సికింద్రాబాద్‌లో నాకు ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి లావణ్య. ఒకరోజు గ్లాసు పట్టుకోలేక నేను చేతిని కొట్టుకుంటుంటే ఆపింది.

"మేడమ్, మీ క్లాసుల చిన్నపిల్ల కిందపడితే గిట్లనే కొడ్తరా?"

"ఛ, ఎందుకు కొడతాను? దగ్గరికి తీసుకుంటాను."

"మరి దీన్నెందుకు కొడ్తున్నరు? మనల్ని మనం తిట్టుకుంటే సుత, నిజంగ ఆపదొచ్చినట్టే ఒళ్లు బిగుసుకుంటది. గుండె దడదడలాడ్తది. ప్రేమగ చెయ్యేసి మెల్లగ ఊపిరి తీసుకుంటె నిమ్మళమైతది. మేం చదువుకున్నది గిదే మేడమ్. ఇంటికి పోయి దీనితోని జెర మంచిగ మాట్లాడుండ్రి."

ఆ మధ్యాహ్నం వాన వెలిసింది, గోడ మీద తడి వెలుగు ఊగుతోంది, నిద్రో మెలకువో తెలియని స్థితిలో నా ఎడంచేతిని కుడిచేతి మీద వేశాను. "ఎంత అలసిపోయావే తల్లీ" అన్న మాట దానంతటదే వచ్చింది! కన్నీళ్లు ఆగలేదు. "ప్రభువా, ఇది నువ్వు చేసిన చెయ్యి, దీన్ని నీ కళ్లతో చూడటం నాకు నేర్పు" అని అడిగాను, అప్పుడు నా రెండు చేతుల మీద ఇంకెవరిదో వెచ్చని చెయ్యి ఆనినట్టయింది, రైళ్లు ఎక్కడో మబ్బుల్లో వెళ్తున్నట్టు వినిపించాయి, చాలాకాలానికి హాయిగా నిద్రపోయాను. పొరుగువారిని మనలాగే ప్రేమించాలని ఎన్నేళ్లు పిల్లలకు నేర్పానో, ఆ 'మనలాగే' దగ్గర ఎన్నడూ ఆగి చూసుకోలేదు!

చెయ్యి పూర్తిగా బాగైందా అంటే లేదు. వేళ్లు కొంచెం ముడుచుకుంటాయి, అక్షరం ఇంకా రాయలేను. కానీ తిట్టే ఆ గొంతు నుంచి నా తండ్రి నన్ను విడిపించాడు, దేవునికే మహిమ!

మొన్న అదే ఫిజియోథెరపీ హాల్లో యాదగిరి అనే ఆటో డ్రైవరు, పక్షవాతంతో పడిపోయిన తన కాలిని పిడికిలితో గుద్దుకుంటున్నాడు, పక్కన భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. వెళ్లి పక్కన కూర్చుని నా చెయ్యి చూపించాను.

"అన్నా, ఒక్కసారి ఆ కాలు మీద మెల్లగా చెయ్యి వెయ్యి."

"దీని మీద ఏంది అక్కా చెయ్యేసేది? నా బతుకే ఆగం చేసింది ఇది."

"ఇన్నేళ్లు నీ ఆటో నడిపించింది అదే కదా అన్నా?"

యాదగిరి పిడికిలి విప్పి చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అవునే, నువ్వు మాత్రం ఏం జేస్తవ్ పాపం" అన్నాడు కాలితో, అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, ఆయన భార్య నా ఎడంచేతిని గట్టిగా పట్టుకుంది. నేను మనసులోనే ఆ ఇద్దరినీ ప్రభువు ఒడిలో పెట్టాను.

ప్రియులారా, మీలో ఎవరైనా లోలోపల మిమ్మల్ని మీరు తిట్టుకుంటూ ఇక్కడ కూర్చుని ఉంటే, ఇప్పుడే మీ గుండె మీద మీ చెయ్యి వేసుకుని ఆయన్ను పిలవండి. ఆయన మిమ్మల్ని ఎన్నడూ ఆ పేర్లతో పిలవలేదు.